ఎత్తి చూడండమ్మా

"పెద్ద మోటారే ఇచ్చెయ్యండి," అంది వరహాలక్ష్మి.

రాజమండ్రిలో సైకిళ్లకి కరెంటు మోటారు బిగించే షాపు అది. ఆ రోజు సోమవారం.

వరహాలక్ష్మి లంక ఊళ్లకి నర్సమ్మ. యాభై రెండేళ్లు వచ్చాయి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇక సైకిలు తొక్కితే మంచాన పడతారని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు.

ఆవిడ మానేస్తే లంకలో పసిపిల్లలకి సూది వేసే దిక్కుండదు. బదిలీ మీద ఎవరొచ్చినా ఆ దారి చూసి మూడోనాడే సెలవు పెట్టేస్తారు. పదకొండేళ్లుగా బుధవారం, శనివారం వెళ్లేది ఈవిడొక్కతే. ఆ బెంగే ఆవిణ్ణి షాపుదాకా లాక్కొచ్చింది.

షాపాయన శశిభూషణ్ బల్లమీద రెండు మోటార్లు పెట్టాడు. రెండూ చక్రం మధ్యలో కూర్చునేవే.

"పెద్దదాంట్లో గేర్లుండవండి. చప్పుడుండదు, స్పీడెక్కువ. చిన్నదాంట్లో లోపల గేర్లున్నాయి. కాస్త గుంయ్‌మంటుంది, స్పీడు తక్కువ. మీ రోడ్డెలా ఉంటుందండీ?"

"లంక రోడ్డు కదండీ, అరచెయ్యంత చదును. గట్టు ఎక్కే చోట తప్ప."

"అయితే పెద్దదే కానిచ్చెయ్యండి."

"అది వద్దమ్మా," అన్నారెవరో వెనకనుంచి.

ఇద్దరూ తిరిగి చూశారు. గోడవార స్టూలు మీద ఓ పెద్దాయన. ఉతికిన తెల్లచొక్కా, మెడకి ఆ పూటే కట్టిన కొత్త బెల్టు. పక్క ఎముకల ఆస్పత్రిలో మందులకి పిలిచేదాకా నీడకొచ్చి కూర్చున్నాడు.

"తమరికి మోటార్లు తెలుసాండీ?" శశిభూషణ్ గొంతులో వెటకారం.

"మోటార్లు తెలీవు బాబూ. బరువు తెలుసు."

బాగానే ఉంది, చెప్పేవాడికి వినేవాడు లోకువని, అనుకుంది వరహాలక్ష్మి.

"రెండూ ఓసారి ఎత్తి చూడండమ్మా."

పెద్దాయన మాట తీసెయ్యలేక ఎత్తింది. చిన్నది చంటిపిల్లలా చేతిలోకి వచ్చేసింది. పెద్దదానికి రెండు చేతులూ వేసినా నడుం కలుక్కుమంది.

"అయినా దాన్ని నేను మొయ్యాలేంటండీ? అదే నన్ను మోస్తుంది!" అంది.

శశిభూషణ్ పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"మరి రేవులో ఎవరు మోస్తారమ్మా?"

వరహాలక్ష్మి నాలిక్కరుచుకుంది. రోడ్డంతా చెప్పింది గానీ, మధ్యలో గోదారి పాయ దాటాలన్న సంగతే చెప్పలేదు! ఒడ్డునుంచి పడవకి మూరెడు వెడల్పు బల్ల వేస్తారు. సైకిలు దానిమీదుగానే ఎక్కాలి.

"దానికో మనిషున్నాడు లెండి. నెత్తిన పెట్టుకుని ఎక్కించేస్తాడు."

"ఉన్నాడు లెండి. మనిషన్నాక ఎల్లకాలం ఉంటాడేంటమ్మా?"

పెద్దాయన మెడబెల్టు సర్దుకుని, చిన్న మోటారు వైపు చెయ్యి చూపించాడు.

"బ్యాటరీ పెట్టె ఊడొచ్చేలా పెట్టించుకోండి. ముందు పెట్టె పడవలో పెట్టేసి, ఆనక సైకిలు. చిన్నదైతే మీరే నడిపించుకుంటూ ఎక్కెయ్యొచ్చు. ఇంక గట్టంటారా, దానికి స్పీడు కాదమ్మా, లాగే సత్తువ కావాలి."

"ఆ మాట నిజమేనండి," అన్నాడు శశిభూషణ్ తల గోక్కుంటూ. "ఎత్తులో గేర్లున్నదే బాగా లాగుతుంది."

అంతలో ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. పెద్దాయన లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"ఎవరండీ ఆయన?"

"ఎవరో పేషెంటండి."

వరహాలక్ష్మి పెద్దదాన్ని మళ్లీ ఓసారి ఎత్తబోయి దింపేసింది. ఆఖరికి చిన్నదే బిగించమంది.

బుధవారం పొద్దున్న సైకిలు గుంయ్‌మంటూ గట్టెక్కేసింది. మోకాళ్ల నొప్పి మాటే తెలీలేదు. ఓసి దీని దుంపతెగ, ఎంత హాయిగా ఉందీ!

రేవులో అలవాటు ప్రకారం సైకిలుకి స్టాండు వేసి, వేక్సిన్ పెట్టె పట్టుకుని బల్ల దాటి పడవలో కూర్చుంది. వెనక్కి చూస్తే సైకిలు ఒడ్డునే ఉంది.

"ఎత్తేవాడు లేడమ్మా, మానేశాడు," అన్నాడు పడవ నడిపే పల్లంరాజు. "గడ వదిలి నేను దిగానంటే పడవ కొట్టుకుపోద్దండి."

 అవతలి ఒడ్డున తల్లులు పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉన్నారు.

మళ్లీ దిగింది. బ్యాటరీ పెట్టె ఊడదీసి ముందు పడవలో పెట్టింది. తర్వాత సైకిలు పట్టుకుని బల్లమీద అడుగులో అడుగేసింది. పల్లంరాజు ఒంటిచేత్తో హేండిల్ అందుకున్నాడు. ఎక్కేసింది!

పాయ మధ్యకి వచ్చాక ఊపిరి పీల్చుకుని అడిగింది.

"ఆ ఎత్తే ఆయన పేరేంటి రాజూ?"

అడిగాక సిగ్గేసింది. పదకొండేళ్లు! నెత్తిన సైకిలు, దాని కింద మాటా పలుకూ లేని ఓ మనిషి. ఆవిడ చూపెప్పుడూ చేతిలో పెట్టె మీద, కాలికింద బల్ల మీద. ఆ మొహం ఎప్పుడు చూసింది గనక!

"అబ్బులండి. నిన్ననే మొగల్తూరు వెళ్లిపోయాడు, కూతురి దగ్గరికి," గడ వేస్తూ అన్నాడు పల్లంరాజు. "మెడకి బెల్టేశారు కదండీ, తల కూడా తిప్పలేడు. అయినా వెళ్తూ వెళ్తూ ఒకటే అడిగాడమ్మా... నర్సమ్మగారు చిన్న మోటారే కొన్నారా అని."