కంది సాళ్ల నడుమ

మంత్రాలయం మునిగిన వరదకు పదహారో ఏడు అది.

కంది ఇంకా పూతకు రాలేదు. గంజాయి కోసం చేల మీద డ్రోను తిప్పుతారని ఊళ్లో చాటింపు వేశారు.

గ్రామ సచివాలయం ముందర ఎస్సై మీటింగు పెట్టాడు.

“ఒక్క మొక్క దొరికినా సరే, చేను ఎవరి పేరున ఉంటే వాళ్లకు జైలు. పదేండ్ల దాకా పడుతుంది. కొత్త మనిషి కనపడితే ఈ గోడ మీది నంబరుకు ఫోన్ చేయండి.”

“పింఛను గూడా పోతాదా సామీ?” అని అడిగింది గిడ్డమ్మ.

“నువ్వు పోవే, జైలుకే తెచ్చిస్తార్లే!” అన్నాడు ఆమె మొగుడు నాగన్న.

అందరూ నవ్వారు.

నాగన్నకు చూపు సరిగా ఆనదు. సేద్యమంతా కొడుకు హనుమేష్‌దే. అయినా మీటింగు అయిన మూడోరోజు, మనసు ఊరుకోక చేనికి పోయాడు.

కంది సాళ్ల నడుమ ఎవడో వంగి ఉన్నాడు. తలకు టవలు. పక్కన గోతం.

ఆ నడుమ పుంటికూర, అదే గోంగూర, చల్లానని హనుమేష్ చెప్పి ఉన్నాడు. మందు కొట్టానని, ఆకు తెంపొద్దని కూడా అన్నాడు. ఆ మొక్కలనే ఈ మనిషి వేర్లతో పీకుతున్నాడు.

“ఎవరప్పా నువ్వు? పుంటికూర కావాల్నంటే ఆకు తెంపుకోవల్ల గానీ, వేర్లతో పీకుతారా?”

ఆ మనిషి నడుము పట్టుకుని లేచాడు. నాగన్న ఈడువాడే.

“చేను నీదేనా?”

“నాది గాక మీ మామదా? యా ఊరు నీది?”

“ఆ పక్క. హనుమేష్ యాడ?”

“ఆదోనికి పోయినాడు. నా కొడుకుతో నీకేం పని?”

“వాడొస్తే వాన్నే అడుగు. నన్ను పని చేసుకోనీ.”

పేరు చెప్పడు. ఊరు చెప్పడు. కొడుకు పేరు మాత్రం తెలుసు. గంజాయోళ్లు ఇట్లనే వచ్చి ఇంటి పిల్లోళ్లను పట్టుకుంటారని ఎస్సై చెప్పింది నాగన్నకు గుర్తొచ్చింది.

మెల్లగా పక్క చేనికి పోయాడు.

“ఓబుళేశూ, గోడ మీది నంబరుకు కొట్టప్పా. వీడెవడో మంచోడు కాదు.”

అరగంటలో జీపు వచ్చింది.

చప్పుడు వినగానే ఆ మనిషి గోతం భుజానికేసుకుని చేను దాటాడు. పారిపోతున్నాడని ఓబుళేశు అరిచాడు. తీరా చూస్తే చేను పక్క వంకలోకి దిగి, ఆ వాగు నడిమధ్యన నిలబడి ఉన్నాడు.

ఎస్సై గోతం విప్పాడు. ఒక ఆకు నలిపి వాసన చూశాడు.

“గంజాయి! యాడ పీకినావురా?”

నాగన్న తన చేను వైపు తిరిగాడు.

ఆ మనిషి అతని వైపు ఒక్కసారి చూశాడు.

“ఈ వంకలోనే సార్. నేనే పెట్టుకున్నా.”



“భలే పట్టించినావు పెద్దాయనా!” అని ఎస్సై నాగన్న భుజం తట్టి, ఆ మనిషిని జీపెక్కించాడు.

సాయంత్రం హనుమేష్ ఇల్లు చేరాడు.

“అది పుంటికూర కాదంట గదరా?” అని అడిగాడు నాగన్న.

హనుమేష్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

“పోయినేడు పత్తి ఎండిపాయె. ఆశపడినా నాయనా.”

“వాడెవడు? మన చేన్లో పీకి, వంకలో పీకినా అన్నాడు.”

“విత్తనాలు పంచినోడు ఉమామహేశ్ అని, జైల్లో ఉండాడు. ఎవరెవరికి ఇచ్చినాడో వాన్ని అడిగి తెలుసుకోని, డ్రోను రాకముందే చేను చేనుకూ పోయి పీకుతాండాడంట ఒక పెద్దాయన.”

“ఆయనకేం పట్టింది?”

“ఉమామహేశ్ వాళ్ల నాయన.”

గిడ్డమ్మ తలుపు మూసింది.

“ఇంగ ఎవురూ నోరు తెరవాకండి. చేను మీ నాయన పేరున ఉండాది.”

నాగన్న అన్నం ముట్టలేదు.

తెల్లారంగనే స్టేషనుకు నడిచిపోయి, పాసుపుస్తకం ఎస్సై బల్ల మీద పెట్టి, “వంక కాదు సార్, నా చేనే” అన్నాడు.