ఎర్రగీతలో తెల్ల అంచు

సొరుగు లాగిన ఆర్లిస్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొడుగాటి ఉక్కు సొరుగు. నిండా మెషీన్ చదివే చిల్లుల పంచ్ కార్డులు, కుర్రాడికొకటి. వాటి నెత్తిన ఈ మూల నుంచి ఆ మూలకి తనే ఎర్ర పెన్సిలుతో గీత గీసింది. కార్డు కదిలితే గీత తెగుతుంది. ఇవాళ గీత మధ్యలో ఒక్క అంచు తెల్లగా ఉంది.

ఎవరో వేలు పెట్టారు. ఒకడి కార్డు తీసి ఇంకోటి దూర్చి ఉంటారు.

ఆ సొరుగులో కార్డుంటే వియత్నాం యుద్ధానికి రమ్మని సైన్యం నుంచి పిలుపు వస్తుంది. లేకపోతే రాదు. వాడి బదులు ఇంకొకడు వెళతాడు. ఏడాదిగా తాళంచెవి మెళ్ళో వేసుకు తిరుగుతోంది ఆర్లిస్. సెలవు పెట్టదు. మనిషిని దగ్గరికి రానివ్వదు.

“అందులో బంగారం ఉందా అమ్మా?” అని నవ్వేవారు ఆఫీసులో.

నిన్న ఒక్కరోజు, పన్ను పీకించుకోడానికి పోతూ, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి వెళ్ళింది. అంతే.

తెల్ల అంచు మీదికి వేలు పోయింది. తియ్యలేదు. ముందు మనిషి దొరకాలి. సొరుగుకి తాళం వెయ్యకుండా వదిలింది.

కాఫీ వేళకి అందరూ లేచారు. డెల్మర్ లేవలేదు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, నలభై ఏళ్ళ బట్టతలాయన. గది ఖాళీ అయ్యాక నేరుగా ఆ సొరుగున్న బీరువా దగ్గరికి వచ్చాడు. సొరుగు కొంచెం లాగాడు.

తలుపు చాటునున్న ఆర్లిస్ వెనకనుంచి వెళ్ళి ఠపీమని మూసింది. కొంచెంలో అతని వేళ్ళు నలిగేవి.

“ఎవరి కొడుకయ్యా? మీ అక్క కొడుకా, పాస్టరుగారి కొడుకా?”

“ఏంటండీ?”

“ఎవరిని దాచావంటున్నా. నీకేం లంచం ముట్టింది, సగం పంది మాంసమా?”

“నాకు పంది పడదండీ, డాక్టరు వద్దన్నాడు.” నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. “దాచడమేంటి ఆర్లిస్‌గారూ! హైస్కూళ్ళ జాబితాలు పెట్టుకుని అన్ని సొరుగులూ సరిచూశా. మీ దాంట్లో ఒక్కడు తగ్గాడు. కొత్త కార్డు కొట్టించి పెట్టా. సరిగ్గా పడిందో లేదో చూద్దామని వచ్చా.”

“ఎప్పుడు పెట్టావు?”

“నిన్ననే. మెషీన్ చదివేసింది కూడా. సోమవారం ఉత్తరం వెళుతుంది.”

ఆర్లిస్ సొరుగు మళ్ళీ లాగింది. తెల్ల అంచు కార్డు పైకి తీసింది.

కిందటేడు తన చేత్తో చించి పొయ్యిలో వేసిన కార్డు మీద ఏ పేరుందో, దీని మీదా అదే పేరుంది, తన కొడుకుది.