తొమ్మిదో సమాధి

కామ్‌రేజ్ ఊరు దాటాక, తాపీ నది ఒడ్డున పురావస్తు శాఖ తవ్విన గోతిలో తొమ్మిది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎనిమిదింటి ముఖాలు మక్కా ఉన్న పడమటికి తిరిగి ఉన్నాయి. అన్నిటికన్నా పాతదైన తొమ్మిదోది మాత్రం ఆకాశాన్ని చూస్తోంది. అదీ పడమటికే తిరిగి ఉంటే, ఇస్లాం ఈ ఒడ్డుకు నూరేళ్లు ముందే వచ్చిందని రాయవచ్చు. కొలతలు రాసే ఫణి, ఫోటో తీసే ముందు, ఎవరూ చూడటం లేదనుకుని, ఆ పుర్రెను తన చేత్తో పడమటికి తిప్పాడు.

ఆ ఫోటోతో నివేదిక రేపు వెళ్లిపోతుంది. రెండు రోజులుగా అతనికి అన్నం సయించలేదు. తలను మళ్లీ యథాస్థానానికి తిప్పి, నిజం రాయాలని ఈ రాత్రి వచ్చాడు.

"కొలత ఒకటి తప్పింది గోపాల్," అన్నాడు కావలివాడితో.

"గిప్పుడా సార్? ఆళ్లు యాడికి పోతరు, పొద్దుగాల కొలువరాదుండ్రి," అంటూనే గోపాల్ గట్టు మీద నిలబడి లాంతరు చూపించాడు.

ఫణి నిచ్చెన దిగి, పుర్రెను రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఆకాశం వైపు తిప్పాడు. ఎండుమట్టి మీద ఎముక గరగరమంది. చేతులు తీశాక కూడా ఆ గరగర ఆగలేదు. అతని వెనుక, ఒక సమాధి నుంచి మరో సమాధికి, వరసగా సాగి సద్దుమణిగింది.

గోపాల్ వంగి లాంతరును గోతిలోకి చాపాడు.

"సార్, మొన్న మీరు తిప్పంగ నేను చూసిన. ఎవలికి చెప్పలే. గా ఒక్కటే గద తిప్పింది?"

సిగ్గుతో ఫణి తల ఎత్తలేకపోయాడు.

"మరి గీ ఎనిమిది మీ దిక్కెందుకు చూస్తున్నయ్?"