జెర్రిపోతు మీద నింద

గిద్దలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప చంక కింద నల్లటి పెచ్చు చూసింది. "ఇది పురుగు కుట్టిన జ్వరం. ఆ పురుగులు ఎలుకల మీద బతుకుతాయి. మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

"గడ్డివామి నిండా అవే," అన్నది పాప తల్లి ఎలీషబా. "ముందు ఒక్కటీ ఉండేది కాదు. వామిలో జెర్రిపోతు ఉండె. మా బర్రె పాలు తాగిపోతుందని పోయినేడు నేనే కట్టె తీసుకొని కొట్టి చంపినా."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పాము పొదుగులో పాలు పీల్చలేదమ్మా. ఎలుకల కోసం వచ్చి ఉంటుంది."

ఎలీషబా మొగుడి వైపు తిరిగింది. పొద్దున్నే పాలు పిండేది నతానియేలే. పాము తాగిపోయిందని సగం చెంబు తెచ్చి చూపించినవాడూ అతనే.

"మరి మిగతా పాలు ఏమైనాయయ్యా?"

నతానియేలు తల ఎత్తలేదు. "స్టేషన్ కాడ టీ బంకుకు పోసినా."

జ్వరంలో పాప మూలిగింది. ఎలీషబా దాని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"పాలు చాలక బిడ్డకు నీళ్లు కలిపి తాపి, ఆ కోపమంతా ఆ పాము మీద తీర్చుకుంటి. ఎలుకలు రాకుండా బిడ్డకు కాపలా ఉన్న పామును నా చేతనే చంపించినావు కదయ్యా!"