ఎచ్చెర్ల దాకా పెట్రోలు

1930లో విజయనగరం నుంచి శ్రీకాకుళానికి జరిగిన మోటారు సైకిళ్ల పందెంలో, ఎచ్చెర్ల మలుపు దగ్గర మా అన్నయ్య సీమోను పడి చనిపోయాడు.

పదహారేళ్ల తరువాత అవే బళ్లతో ఆ పందేన్ని మళ్ళీ నడిపాం. ఆ రోజు ఎవరు ఎలా వెళ్లారో అలాగే వెళ్లాలన్నది నియమం. అన్నయ్య బండి నేను నడిపాను.

మలుపు దగ్గర అందరం ఆగాం. వదిన ఎలీసమ్మ అప్పటికే జట్కా దిగి నిలబడి ఉంది. అన్నయ్య స్నేహితుడు బంగారురాజు నేను తెచ్చిన బండికి దండ వేశాడు.

"మేం బయలెల్తాం. మీరు ఈడే ఉండిపోండి, మాస్టారూ" అన్నాడు నాతో.

"బాబెందుకుండిపోవాల?" అంది వదిన, నన్ను చూపించి.

"సీమోను ఈడి దాకానే వచ్చినాడు గదా సెల్లీ. ఇది ఆడికి మరియాద."

"మరియాదేటి అన్నా? ఆరోజూ మీరు ఎల్లిపోనారు. ఈరోజు కూడా ఆయన్ని ఈడే ఒగ్గేసి ఎల్లిపోతారేటి?"

బంగారురాజు బండి మీది దండ తీసేశాడు.

"బాబూ, నువ్వు బండెక్కు. ఆయన్ని శ్రీకాకుళం తీసుకెల్లు" అంది వదిన.

ఎక్కి కిక్ కొట్టాను. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. యుద్ధకాలపు రేషన్ పెట్రోలు అందరికీ చాలదని, ఎలాగూ ఆగిపోయే బండే కదా అని, దానికి ఎచ్చెర్ల దాకానే పోశాం. మిగతా బళ్లలో ఉన్నది వాటికే బొటాబొటి.

"రేషను ఎత్తేశాక తీసుకెళ్తాను వదినా" అన్నాను.

ఏడాది గడిచింది. పెట్రోలు ఇంకా రేషనులోనే ఉంది. అన్నయ్య బండి శ్రీకాకుళం చేరలేదు.