మురుగు టాంకులో గులాబీ నీళ్ళు

"ఏయ్! నా పడవెక్కి ఏం పోస్తున్నావ్?"

టొరంటోలో మైనస్ ఇరవై. సరస్సు గడ్డకట్టింది. స్వర్ణకుమారి మాత్రం మరిగిపోతోంది.

వారం నుంచి మురుగు టాంకు మూత దగ్గర గులాబీ మరకలు. ఇవాళ దొంగ దొరికాడు!

ముసలాయన. గడ్డం నిండా మంచుగడ్డలు. చేతిలో గులాబీ రంగు నీళ్ళ డబ్బా.

"పేరు చూసి తెలుగువాళ్ళే అనుకున్నానమ్మా. నేను రాఘవయ్యని. ఇది టాంకు గడ్డకట్టకుండా పోసే మందు."

"నేనడిగానా?"

"మనం చెంబు మానలేం కదమ్మా! నీళ్ళెక్కువ పడితే మందు పల్చబడుతుంది. వీళ్ళు చెప్పే కొలత మనకి చాలదు. అందుకే రోజూ..."

"నా చెంబు గొడవ నీకెందుకయ్యా? మురుగు గురించి మొరక్కు. దిగు!"

దిగాడు. డబ్బా మాత్రం మూత పక్కనే వదిలాడు.

ఆవిడ దాన్ని చెత్తకుండీలోకి విసిరికొట్టింది.

కొట్టదూ మరి! అద్దెలు అద్దరికి తోసేస్తే, పాత పడవ కొనుక్కుని ఈ ఒడ్డుకి చేరిన మనిషి. ఉన్న ఇల్లు అదొక్కటే. టాంకు గడ్డకడితే ఖాళీ చెయ్యాలని, పడవలు కట్టే ఆ మెరీనా రూలు.

తిన్నగా ఆఫీసుకెళ్ళి, అక్కడ పనిచేసే అబిగేల్ మీద పడింది.

"ఇక్కడ పడవ కట్టే చోటే లేనివాడికి గేటు కోడ్ ఎందుకిచ్చారు?"

"మేడమ్, ఆయన..."

"కథలొద్దు! రూలు చెప్పు."

"రూలైతే... ఇవ్వకూడదు."

ఆ సాయంత్రమే కోడ్ మారింది.

మర్నాడు రాఘవయ్య గేటు దగ్గర నంబర్లు నొక్కి, నొక్కి, చెయ్యి ఊపాడు. స్వర్ణకుమారి కిటికీ తెర లాగేసింది.

నాలుగో రోజు మెరీనావాళ్ళు మురుగు తోడే పంపు తెచ్చారు. గొట్టం పెట్టారు. పంపు అరిచింది గానీ చుక్క కదల్లేదు. లోపలంతా మంచురాయి.

"ఆ ముసలాడి పనే!" అని అరిచింది స్వర్ణకుమారి. "పిలిపించండి వాణ్ణి!"

అబిగేల్ ఖాళీ చెయ్యాలన్న కాగితం చేతికిచ్చింది.

"ఆయనిప్పుడు రాలేరు మేడమ్, కోడ్ మార్పించారుగా. నవంబరులో చలికాలం చోట్లన్నీ నిండిపోయాయి, గుర్తుందా? మీరు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు."

"అవును. ఎవరో చివర్లో మానుకున్నారని నాకిచ్చారు. అయితే?"

"పన్నెండేళ్ళుగా ఈ చోటు రాఘవయ్యగారిది మేడమ్, ఇల్లు లేదని మీరు దరఖాస్తులో రాసింది చదివి, తన పడవని ఒడ్డుకెక్కించేశారు."