కాయ రాలితే ఒట్టు

“ఐదుగురా! రెండు పచ్చిక మడులకీ నాలుగు పూలమొక్కలకీ ఐదుగురు మనుషులా, అబూ జాసిబ్?”

కొత్త మేనేజరు ముహన్నద్ ఎర్ర కలం తీసి ఖలఫ్ పేరూ, మిజ్‌బాన్ పేరూ అడ్డంగా కొట్టేశాడు.

జనవరి మొదటి వారం. బస్రాలో ఆ దుకాణాల సముదాయానికి ఏడాది తోటపని మొత్తం ఆ ఒక్క కాగితం మీదే తేలాలి. ఏ నెలలో ఏ పూలు నాటాలి, వేసవిలో నీళ్లు ఉప్పెక్కితే ఏం చెయ్యాలి, పనికి ఎవరుండాలి, ఎవరు పోవాలి.

తోట మేస్త్రీ అబూ జాసిబ్ గుండెలో రాయి పడింది. ఖలఫ్ ఇంటికి గోడలు లేచాయి గాని కప్పు పడలేదు. మిజ్‌బాన్ భార్యకు నెలలు నిండుతున్నాయి. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా తనతో మట్టి పిసికినవాళ్లు. అయినా ముఖంలో ఏమీ కనపడనీకుండా చాయ్‌లో పంచదార తీరిగ్గా కలిపాడు.

“మీ ఇష్టం ఉస్తాద్. కొట్టేయండి. కాకపోతే ఖర్జూరపు చెట్ల సంగతి కూడా మీరే చూసుకోవాలి.”

“వాటికేమొచ్చింది?”

“రండి, చూద్దురు గాని.”

పార్కింగ్ స్థలం పొడవునా రెండు వరుసల్లో ముప్పై ఆరు చెట్లు. అబూ జాసిబ్ మొదటి చెట్టు దగ్గర ఆగాడు.

“బస్రా బిడ్డలు మీరు. చెట్టు చూసి జాతి చెప్పేస్తారు. మీకు నేను చెప్పడమేంటి!”

ముహన్నద్ గొంతు సవరించుకున్నాడు. అతను పెరిగింది నాలుగో అంతస్తులో. ఖర్జూరాన్ని డబ్బాలో తప్ప చెట్టున చూసిన మనిషి కాడని అబూ జాసిబ్ మొదటి రోజే పసిగట్టాడు. కానీ బస్రాలో పుట్టి ఖర్జూరం గురించి తెలియదనడం కన్నా తండ్రి పేరు తెలియదనడం నయం.

మేనేజరు మొదలు మీద చెయ్యి వేసి తట్టాడు. “బర్హీ కదూ?”

“మీ కంటిని ఎవరు మోసం చెయ్యగలరు!”

ముహన్నద్ ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

“పక్క హోటల్లో పోయిన వేసవి కాయలు ఎలా రాలాయో చూశారా?” అన్నాడు అబూ జాసిబ్.

“చూడటమేంటి, నా కారు మీదే పడ్డాయి! పాకం కారి, చీమలు పట్టి, కందిరీగలు ముసిరి... తలుపు తియ్యడానికి అరగంట పట్టింది.”

“మరి మన దగ్గర?”

ముహన్నద్ చప్పట్లు కొట్టి కాపలాదారును పిలిచాడు. “ఇక్కడ ఖర్జూరాలు రాలుతాయా?”

“ఖర్జూరాలా? నేనొచ్చి ఏడేళ్లు, ఉస్తాద్. ఒక్కటి రాలగా చూళ్లేదు.”

“ఒక్కటీ?”

“కాకి ఎత్తుకొచ్చి పడేసినవి తప్ప.”

మేనేజరు మేస్త్రీ వైపు కొత్తగా చూశాడు. “ఎలా చేస్తున్నారయ్యా ఇదంతా?”

“ఫిబ్రవరిలో మావాళ్లు చెట్లెక్కుతారు. పూగెల విచ్చగానే కోసి దించేస్తారు. ఇద్దరు ఎక్కాలి, ఇద్దరు కింద అందుకోవాలి, ఒకడు కార్లను పక్కకు పంపాలి. ఎంతమందయ్యారు?”

“ఐదుగురు” అన్నాడు ముహన్నద్, గొంతు తగ్గించి.

“లెక్క మీదే.”

“మరి ఆ కోసిన పూగెలలు?”

“మా ఊరు పట్టుకుపోతాం. తోటలవాళ్లు సంచులు పట్టుకుని ఎదురుచూస్తుంటారు.”

“పశువులకా?”

“మీకు తెలియనిదేముంది ఉస్తాద్!”

ముహన్నద్ ఇంకా ఊగిసలాడుతున్నాడు. “మాటలు కాదు అబూ జాసిబ్. పైన యజమానులకు నేను జవాబు చెప్పాలి. ఈ ఏడు ఒక్క కాయ రాలి, ఎవడి కారైనా పాడయ్యిందనుకోండి?”

అబూ జాసిబ్ మీసం మీద చెయ్యి వేశాడు. “రాలితే దీన్ని మీ చేత్తోనే గీసేయండి. హజ్రత్ అబ్బాస్ మీద ఒట్టు, ఈ చెట్ల నుంచి ఒక్క కాయ కింద పడదు.”

మేనేజరు అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒట్టు అబద్ధానికి వేస్తే నోరు వంకరపోతుందని బస్రాలో దొంగలు కూడా జంకుతారు. అలాంటిది, ఈ మనిషి కనురెప్ప వెయ్యకుండా వేశాడు!

అక్కడే కారు మీద కాగితం పరిచి, కొట్టేసిన పేర్లు రెండూ మళ్లీ రాశాడు. కాస్త ఆగి, “ఎక్కేవాళ్లకి అలసట రాదూ? ఇంకొకణ్ణి పెట్టుకోండి. నడుముకి కట్టుకునే మోకులు కూడా కొత్తవి కొనండి” అన్నాడు. “ఇంత పని చేస్తూ ఒక్క మాటైనా చెప్పుకోలేదేమయ్యా ఇన్నాళ్లూ?”

“చెప్పుకుంటే బాగుండదని, ఉస్తాద్.”

కంచె పక్కన ఖలఫ్, మిజ్‌బాన్ పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

“ఉన్నామా, పోయామా?” అన్నాడు మిజ్‌బాన్.

“ఉన్నారు. నీ బావమరిదిని కూడా రమ్మను.”

“ఆ ఎర్ర కలంవాణ్ణి ఎలా ఒప్పించావు మామా?”

“ఈ ఏడు ఒక్క కాయ కూడా రాలదని ఒట్టేశాను.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఖలఫ్ పార వదిలేసి, పొట్ట పట్టుకుని పచ్చిక మీద కూలబడ్డాడు.

ఆ ముప్పై ఆరూ పోతు చెట్లే.